ఉత్తరాలు రాసిన చెయ్యి

2005 జూలై. మచిలీపట్నం శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ, పూర్వ విద్యార్థుల విభాగం గది. గుడివాడ నుంచి వచ్చిన రిటైర్డు నర్సు రత్నకుమారి, విభాగం అధికారి సుందరరాజు బల్లకి అటూ ఇటూ కూర్చుని ఉన్నారు.

“అది కాదు బాబూ. పిల్ల బాగా చదువుతోందా అని నేనడగలేదు. పిల్లని చూడొచ్చా అని అడిగాను.”

“చూడొచ్చు మేడమ్, ఎందుకు చూడకూడదు? కాకపోతే దానికో పద్ధతుంది. దాతలూ విద్యార్థులూ నేరుగా కలవకూడదని మా రూలు. మొహమాటంగా ఉంటుందని.”

“ఎవరికి మొహమాటం?”

“పిల్లలకండీ. ముందు మీరు మంచినీళ్ళు తాగండి. గుడివాడ నుంచి బస్సులో పడి వచ్చారు. ఒక్క ఫోను చేస్తే కారు పంపేవాళ్ళం.”

“ఏడాదికి ఎనిమిది వేలిచ్చేదానికి కారెందుకు పంపుతారు?”

“అలా అనకండి. ఎనిమిది వేలిచ్చినవాళ్ళూ ఎనిమిది లక్షలిచ్చినవాళ్ళూ మాకు ఒకటే. ఏటా ఆపకుండా ఇచ్చేవాళ్ళంటే ఇంకా గౌరవం. ఇదిగో, మా పుస్తకంలో ‘నిత్యదాతలు’ అని వేరే పేజీ పెట్టాం. చూడండి. ఎస్. రత్నకుమారి, నర్సింగ్, అరవై ఎనిమిది బ్యాచ్.”

“అరవై ఆరు.”

“ప్రింటింగు మిస్టేకు. దిద్దిస్తాను.”

“పోయినేడాదీ అరవై ఎనిమిదే వేశారు. తప్పని ఉత్తరం రాశాను.”

“అందలేదండీ.”

“డీడీ అందింది, ఉత్తరం అందలేదా? రెండూ ఒకే కవర్లో పెట్టాను.”

“మేడమ్, మీకేదో అనుమానం వచ్చినట్టుంది. ఏదైనా ఉంటే సూటిగా అడగండి.”

“సూటిగానే అడుగుతున్నాను. పోయిన నెల మీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎవరో కుర్రపిల్ల. ‘నమస్కారం రత్నకుమారి గారూ, ఆరోగ్యం ఎలా ఉంది, ఈ ఏడాది పదివేలకి పెంచుతారా’ అని కాగితం చూసి చదువుతోంది. నేను మధ్యలో ఆపి, ‘కనకదుర్గ ఎలా ఉందమ్మా’ అన్నాను. ‘ఆ ప్రశ్న ఇందులో లేదండీ’ అని పెట్టేసింది.”

“పార్ట్ టైము పిల్లలు మేడమ్. ట్రైనింగు సరిగ్గా లేదు.”

“పోనీ మీకుందిగా ట్రైనింగు. మీరు చెప్పండి. నా డబ్బుతో ఇప్పుడు చదువుతున్నదెవరు?”

“కనకదుర్గేనండీ. ఫిబ్రవరిలో మీకు ఉత్తరం కూడా రాసింది కదా. పాలకాయతిప్ప అమ్మాయి. తండ్రి వేటకెళ్తాడు. మీరు పెట్టిన షరతు ప్రకారమే, సముద్రం మీద బతికే ఇంటి పిల్ల. ఆ… పెద్దమ్మ స్కాలర్‌షిప్పు.”

“పెద్దింట్లమ్మ.”

“అదే, పెద్దింట్లమ్మ. మీ అమ్మగారా?”

“మా అమ్మ పేరు మరియమ్మ. పెద్దింట్లమ్మ ఎవరో మొదటి ఏడే ఒక పేజీ రాసిచ్చాను.”

“ఫైల్లో ఉంటుంది. నేనొచ్చి మూడేళ్ళేగా. నా కంటే ముందున్నాయన…”

“అయితే వినండి. ఆవిడ మంగినపూడి నుంచి చేపల గంప నెత్తినెట్టుకుని మా పేటకొచ్చేది. నేనిక్కడ నర్సింగులో చేరిన రెండో ఏడు మా నాన్న పోయాడు. మెస్సు డబ్బు కట్టలేదని పొమ్మన్నారు. పెట్టె పట్టుకుని గేటు బయట నిలబడితే అటుగా పోతూ చూసింది. ‘ఏంటి పిల్లా’ అంది. చెప్పాను. మర్నాడు వచ్చి ఆ డబ్బు ఆఫీసు బల్ల మీద పోసింది. నీచు వాసనని గుమాస్తా ముట్టుకోలేదు. తనే ఒక్కొక్క నోటూ సాపుచేసి పెట్టింది. చదువయ్యేదాకా కట్టింది. మా కులం కాదు, మా మతం కాదు. ఉద్యోగంలో చేరాక తిరిగివ్వబోతే తీసుకోలేదు. మళ్ళీ చేపలకి మాత్రం అణా తగ్గించేది కాదు.”

“చాలా గొప్ప విషయం మేడమ్. ఇది మన పుస్తకంలో ఫోటోతో వేద్దాం.”

“ఫోటో లేదు. కనకదుర్గ ఎక్కడుంది?”

“హాస్టల్లో. ఇప్పుడు సెకండియర్.”

“మీరు ఎప్పుడైనా చూశారా?”

“చూడకేం? పోయిన వారమే కనబడింది. మీ గురించి అడిగింది కూడా.”

“ఏమని?”

“అమ్మగారు ఎలా ఉన్నారని. నమస్కారాలు చెప్పమంది.”

“ఎలా ఉంటుంది పిల్ల?”

“అంటే?”

“పొడుగా, పొట్టా?”

“మధ్యస్తంగా ఉంటుందండీ.”

“బాబూ, నేను మొన్న మంగళవారం పాలకాయతిప్ప వెళ్ళాను.”

“మీరా? ఈ వయసులో అంత శ్రమ ఎందుకండీ?”

“అవనిగడ్డలో ఒక బస్సు దిగి, కోడూరు దాకా ఇంకో బస్సు, అక్కడ్నుంచి ఆటో. శ్రమే. పిల్ల ఇంట్లో లేదు.”

“ఎలా ఉంటుందండీ, హాస్టల్లో ఉంటే?”

“వాళ్ళమ్మ ఉంది. వల బాగుచేసుకుంటోంది. మీ అమ్మాయి ఏ కాలేజీలో చదువుతోందమ్మా అని అడిగాను. పని ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసి, ‘ఎవరు పంపారు నిన్ను, మమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి?’ అంది.”

“పల్లెటూళ్ళవాళ్ళు కదా, తెలియక…”

“కూతురు కాలేజీకి పోతోందో లేదో కన్నతల్లికి తెలియదా?”

“అది కాదు మేడమ్. కనకదుర్గ అనే పేరు ఊరికి పదిమందికి ఉంటుంది.”

“ఇంటిపేరు కలిసింది. తండ్రి పేరు కలిసింది. ఉత్తరంలో రాసిన ఇంటర్ మార్కులు కూడా కలిశాయి. పిల్ల మాత్రం ఏడాది నుంచి కృత్తివెన్నులో రొయ్యలు వొలిచే షెడ్డులో పనిచేస్తోందట.”

“ఏదో పొరపాటు జరిగింది. నేను కనుక్కుంటాను. ఒక్క వారం టైమివ్వండి.”

“వారమెందుకు? ఫైళ్ళ బీరువా మీ వెనకే ఉంది.”

“తాళాలు…”

“మీ జేబులో ఉన్నాయి. ఇందాకట్నుంచీ తడుముకుంటున్నారు.”

“మేడమ్, నన్ను అనుమానిస్తున్నారా?”

“ముప్ఫై ఏడేళ్ళు వార్డులో చేశాను బాబూ. నొప్పున్న చోట చెయ్యి పెట్టనివ్వనివాళ్ళని చాలామందిని చూశాను. ఇవిగో, ఆరు ఉత్తరాలు. ఏటా ఫిబ్రవరికి ఒకటి. మొదటి మూడేళ్ళూ మంగినపూడి రోజా అనే పిల్ల పేరుతో. తర్వాత రేవతి, ఆ తర్వాత రాజకుమారి, ఇప్పుడు కనకదుర్గ. రాత చూడండి.”

“ఆడపిల్లల రాతలు కొంచెం ఒకేలా ఉంటాయండీ.”

“ఈ ‘ళ’ చూడండి. తోక కిందికి లాగి వదిలేసింది, ఆరింట్లోనూ. నలుగురు పిల్లలకి ఒకటే చెయ్యా?”

“ఒక్క నిమిషం. మా క్లర్కుని పిలుస్తాను. అమ్మాయ్, ఇలా రా. ఆ ఉపకారవేతనాల ఫైలు తియ్యి. ఇదిగో తాళాలు.”

“ఏ సంవత్సరందండీ?”

“ఏదో ఒకటి. కాదు, ఉండు. ఫైలు నిజంగా కావాలా మేడమ్? నేనే అన్నీ చూసి మీకు పోస్టులో…”

“కావాలి.”

“సార్, రిజిస్ట్రారు గారు పిలుస్తున్నారండీ. వెంటనే రమ్మన్నారు.”

“వస్తున్నానని చెప్పవయ్యా. వెళ్ళాలి మేడమ్. పది నిమిషాలు. అమ్మాయ్, మేడమ్‌ని చూసుకో. ఏమైనా అడిగితే, సార్ వచ్చి చెప్తారని చెప్పు.”

“అలాగే సార్.”

“వెళ్ళాడా?”

“వెళ్ళారండీ. టీ తెమ్మంటారా?”

“వద్దు. నీ పేరేంటమ్మా?”

“ఫైలు పై అరలో ఉందండీ, తీస్తాను.”

“పేరడిగితే ఫైలంటావేంటి?”

“రోజా అండీ.”

“ఏ రోజా?”

“మంగినపూడి రోజా.”

“నువ్వు… ఉన్నావా అయితే?”

“ఉన్నానండీ.”

“నువ్వు లేవనుకున్నాను. పొద్దున బస్సులో కూడా అదే అనుకుంటూ వచ్చాను. ఆ ఉత్తరాలన్నీ ఎవడో గుమాస్తా కూర్చుని రాసుంటాడని. నిజంగా చదివావా నువ్వు?”

“బీయస్సీ అండీ. మూడేళ్ళూ మీ డబ్బుతోనే చదివాను అమ్మగారూ. ఒకసారి గుడివాడ వచ్చి మిమ్మల్ని చూస్తానని రెండుసార్లు అడిగాను. రూలు ఒప్పుకోదన్నారు.”

“రూలు. మరి తర్వాతి మూడు ఉత్తరాలు?”

“తలుపు వెయ్యమంటారా?”

“వెయ్యి.”

“అవీ నేనే రాశాను.”

“ఎవరు రాయమన్నారు?”

“నా ఉద్యోగమే అదండీ. డిగ్రీ అయ్యాక నా రాత బాగుంటుందని ఇక్కడే పెట్టుకున్నారు. మూడొందల పైచిలుకు దాతలు. ఫిబ్రవరిలో ఉత్తరం, జూన్లో పార్ట్ టైము పిల్లల చేత ఫోను, డిసెంబర్లో పుస్తకం. ప్రతివాళ్ళకీ ఒక కార్డుంటుంది. పిల్లలెంతమంది, దేనికి సంతోషిస్తారు, ఏమంటే ఇస్తారు. టైపు చేసిన ఉత్తరానికి పదిమందిలో ఇద్దరిస్తారట. చేత్తో రాస్తే ఆరుగురిస్తారట. సార్ లెక్క అది.”

“నా కార్డు మీద ఏముంది?”

“‘బీద పిల్లల కబుర్లు ఇష్టం’ అని ఉందండీ.”

“డబ్బేమైంది రోజా? ఆయన తిన్నాడా?”

“లేదండీ. సార్ అలాంటివారు కాదు. మధ్యాహ్నం అన్నం కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటారు.”

“మరెవరు తిన్నారు?”

“ఎవరూ తినలేదమ్మగారూ. నేను ఫైనలియర్లో ఉండగా కమిటీ ఒక తీర్మానం చేసింది. లక్ష ఒకేసారి కట్టినవాళ్ళకే పేరు మీద స్కాలర్‌షిప్పు. ఏటేటా కొంచెం కొంచెం ఇచ్చేవాళ్ళదంతా జనరల్ ఫండులో కలిపేశారు.”

“నాకు చెప్పలేదే.”

“చెబితే మానేస్తారని.”

“ఆ ఫండుతో ఏం చేస్తారు?”

“ఫైలు తీయనా అండీ?”

“ఫైలు ఎక్కడికీ పోదు. చెప్పు.”

“ఈ ఆఫీసు నడుస్తుందండీ. ఫోను బిల్లు, స్టాంపులు, పుస్తకం ప్రింటింగు. పెద్ద దాతలకి బెజవాడ హోటల్లో భోజనాలు. నా జీతం.”

“అంటే నా డబ్బుతో నాకే ఉత్తరం రాశారు.”

“అవునండీ.”

“నన్ను మళ్ళీ అడగడానికి నా డబ్బే ఖర్చుపెట్టారు.”

“మీ ఒక్కరిదే కాదు…”

“పెద్దింట్లమ్మే ఉంటే గంప తెచ్చి ఈ బల్ల మీద బోర్లించేది. సరే. ఉత్తరాలు రాయమన్నారు, రాశావు. పేర్లెవరిచ్చారు?”

“ఏదో ఒక పేరు పెట్టమన్నారండీ సార్.”

“ఏదో ఒకటి పెడితే కనకదుర్గ ఊరూ, ఇంటిపేరూ, మార్కులూ ఎలా కలిశాయి?”

“తప్పయిపోయింది అమ్మగారూ.”

“తప్పా ఒప్పా అని నేనడగలేదు.”

“అప్లికేషన్లలో చూసి రాశానండీ. నోటీసు బోర్డులో మీ స్కాలర్‌షిప్పు తీసేశారు గానీ, పల్లెల్లో ఇంకా చెప్పుకుంటున్నారు. బందరు యూనివర్సిటీలో పెద్దింట్లమ్మ డబ్బుందట, వేటకెళ్ళేవాళ్ళ ఆడపిల్లలకి ఇస్తారట అని. ఏటా ఎవరో ఒకరు పెట్టుకుంటారు. సీటొస్తుంది. డబ్బు లేదని మేం జవాబు రాస్తాం. అది రాసేదీ నేనే. రేవతికి లేదని రాసిన కాపీ ఇక్కడే ఉంటుంది కదా. ఫిబ్రవరి వచ్చేసరికి ఆ కాపీ ముందు పెట్టుకుని, రేవతి పేరుతో మీకు ధన్యవాదాలు రాశాను.”

“అదే చెయ్యి.”

“అదే చెయ్యండీ. అదే పెన్ను కూడా.”

“నిజం పేర్లు రాస్తే పట్టుబడతావని తెలియదా?”

“తెలుసండీ. లేని పేరు పెడదామనే కూర్చున్నాను మొదట. రాయబుద్ధి కాలేదు. ఆ డబ్బు వాళ్ళది కదా. ఎక్కడో ఒక చోట వాళ్ళ పేరు ఉండాలనిపించింది.”

“పోనీ, రాత మార్చొచ్చుగా?”

“మారుస్తానండీ. మిగతావాళ్ళకి అయిదు రకాలుగా రాస్తాను. గుండ్రంగా, పక్కకి వాలేట్టు, గొలుసుకట్టు.”

“నాకు?”

“మీకు మార్చలేదు.”

“మూడేళ్ళూ?”

“మూడేళ్ళూ. ఎప్పటికైనా చూస్తారేమో అని. చూసి, అడుగుతారేమో అని. నేనుగా చెప్పే ధైర్యం లేదండీ. మా అమ్మ మందులకి ఈ జీతమే. అమ్మగారూ, కనకదుర్గని కలిశారా మీరు?”

“కలిశాను. కృత్తివెన్ను వెళ్ళి, షెడ్డు వదిలేదాకా బయట కూర్చున్నాను. నీళ్ళలో నాని వేళ్ళన్నీ పాసిపోయి ఉన్నాయి పిల్లకి. ‘నీ పేరుతో నాకు ఉత్తరం వచ్చిందమ్మా’ అంటే నమ్మలేదు. చేతులు తుడుచుకుని తీసుకుంది.”

“తిట్టిందా నన్ను?”

“నాలుగుసార్లు చదివింది. ‘చేరుంటే ఇలాగే రాసేదాన్నండీ’ అంది. ఏడుస్తున్నావా? కళ్ళు తుడుచుకో, అడుగులు వినపడుతున్నాయి. నువ్వు ఫైలు తీస్తున్నావు.”

“ఆఁ, తీస్తున్నానండీ.”

“క్షమించాలి మేడమ్, ఆలస్యమైంది. రిజిస్ట్రారు గారికి మీ విషయం కూడా చెప్పాను. చాలా బాధపడ్డారు. కనకదుర్గ అనే అమ్మాయి మధ్యలో చదువు మానేసిందట.”

“ఎప్పుడు?”

“ఈ మధ్యనే.”

“పోయిన వారం కనబడిందన్నారే?”

“అది… తలుపెందుకు వేసుంది?”

“నేనే వెయ్యమన్నాను. గాలికి ఉత్తరాలు ఎగిరిపోతున్నాయి.”

“రోజా, మేడమ్‌కి ఏం చెప్పావు?”

“అడిగింది చెప్పాను సార్.”

“అంటే?”

“అంతా చెప్పాను సార్. పేర్లు కూడా. అప్లికేషన్లలోంచి తీసి రాశానని.”

“నిజం పేర్లు రాశావా? మూడేళ్ళ నుంచీ నా ఎదురుగా కూర్చుని, నిజం పేర్లు…”

“అవును సార్. తీసేస్తే తీసేయండి.”

“తీసేసి? మూడొందల ఉత్తరాలు నేను రాయనా?”

“పిల్ల మీద కేకలెయ్యకండి బాబూ.”

“నా సంగతి కూడా వినండి మేడమ్. నేను ఒక్క రూపాయి ముట్టుకోలేదు. మా పిల్లల మీద ప్రమాణం. నాదీ కాంట్రాక్టు ఉద్యోగమే. ఎంతిచ్చారని ఎవరూ అడగరు, ఎంతమందిచ్చారని అడుగుతారు. తనిఖీకి వచ్చే కమిటీ ముందు అదే చూస్తుంది. ఇక్కడ చదివినవాళ్ళలో నూటికి ఎంతమంది ఏటా ఇస్తున్నారు అని. మీ పేరొకటి తగ్గితే నా కాగితం మీద ఒకటి తగ్గుతుంది.”

“మీరు తినలేదని నేనూ నమ్ముతున్నాను. తింటే ఒక్కడి కడుపన్నా నిండేది.”

“అంత మాటనకండి.”

“మరేమనాలి? పిల్లకి లేదని ఉత్తరం రాయిస్తారు, నాకు ఉందని ఉత్తరం రాయిస్తారు. మధ్యలో స్టాంపులు కొంటారు.”

“సరే మేడమ్. జరిగింది జరిగింది. ఇప్పుడు రిజిస్ట్రారు గారే ఒప్పుకున్నారు. మీ స్కాలర్‌షిప్పు పేరు మళ్ళీ పెడతాం. ఆదివారం పూర్వ విద్యార్థుల సభ ఉంది. మిమ్మల్ని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. ఈ సంగతి మాత్రం బయట… మీరు పెద్దవారు, మీకు చెప్పక్కర్లేదు. ఈ ఫారం మీద ఒక్క సంతకం పెట్టండి. ఈ ఏడాదిది కూడా మామూలుగా ఎనిమిది వేలే.”

“ఈ ఏడాదిది కట్టేశాను.”

“కట్టేశారా? నా దగ్గరికి రాలేదే.”

“మీ దగ్గరికి రాదు. పొద్దున్నే కింద ఫీజు కౌంటర్లో కట్టాను.”

“అక్కడ దాతల డబ్బు తీసుకోరండీ. స్టూడెంటు పేరుండాలి, అడ్మిషన్ నంబరుండాలి. వాళ్ళకి తెలియక తీసుకునుంటారు. రసీదిలా ఇవ్వండి, మన ఫండులోకి మార్పిస్తాను.”

“అక్కర్లేదు. పేరూ ఉంది, నంబరూ ఉంది.”

“ఎవరి పేరండీ?”

“కనకదుర్గది బాబూ. నిన్న షెడ్డులో మానిపించి మా ఇంటికి తీసుకొచ్చాను, పొద్దున్నే ఇద్దరం ఒకే బస్సులో దిగి సీటు రాయించాం. పిల్ల ఇప్పుడు కింద ఫస్టియర్ క్లాసులో కూర్చునుంది. నేను పైకొచ్చింది డబ్బు సంగతి తేల్చుకోవడానికి కాదు, తన పేరు రాసిన మనిషిని తీసుకురమ్మని పిల్ల అంటే వచ్చాను.”